లోపల వదిలిన గుడ్డ

పారామౌంట్ కాలనీ మూడో గల్లీల
మా దుకాణం బోర్డు మీద మూడు లిపులు.
తెలుగుల ఒక ఒత్తు తప్పుపడ్డది,
పెయింటరు మళ్ల రాలే, మేం పట్టించుకోలే.

మొయిన్ మాస్టర్ టేపు పడతడు, నేను అంకెలు రాస్త.
మిగిలిన పొద్దంత కాజాలు, గుండీలు, అంచులు.
పేరుకు నోరు తిరగకపోతె ఆనవాలు రాసుకుంట:
పొడుగాయన, నవ్వితె పంటిసందు.
ఊదారంగు బుర్ఖా, ముగ్గురు పిల్లలు, చిన్నోడు కత్తెర ముట్టుకుంటడు.
దవాఖాన ఆయన. దవాఖాన ఆమె. దవాఖాన ఆమె తమ్ముడు.
కిందనే విమానం తారీఖు, ఎర్ర పెన్నుతోటి.
మా కాడ కుట్టించుకునే అందరికీ ఒక విమానం ఉంటది.
బేరం సుత అది ఎగిరిపోతున్నట్టె చేస్తరు.

కోసినంక మిగిలే పీలికలు నావి.
జీతం మాట్లాడుకున్ననాడె ఆ మాట అనుకున్నం.
ఇంట్ల బొంత కుడుతున్న, నాలుగేండ్లాయె:
ఒమన్ ఆయన తెల్ల జుబ్బా, సోమాలియా ఆమె పువ్వుల గౌను,
యెమెన్ పెండ్లికొడుకు నీలి కోటు.
చలికి మా అత్త దాన్నే కప్పుకొని
"ఇప్పుడు ఏ దేశం మీద కాళ్లు పెట్టిన్నే" అని అడుగుతది.

ఇద్రీస్ సార్ సూడాన్ నుంచి. లెక్కల పంతులు.
చంకల ఎక్స్‌రే కవరు, చేతిల సంచి,
సంచిల సుల్తాన్ బజార్ల కొన్న బూడిదరంగు సూటు గుడ్డ.
మీ ఊర్ల దర్జీలు లేరా అని మాస్టర్ నవ్వుకుంట అడిగిండు.
ఆయన అరచెయ్యి తెరిచి, మీద ఏదో ఉన్నట్టు,
ఉఫ్ అని ఊదిండు.
మాస్టర్ మళ్ల నవ్వలే.

బడి మళ్ల తెరుస్తరంట. మొదటిరోజు తొడుక్కుంటడంట.
ఛాతి నలభై. నడుము ముప్పయ్యారు.
పంతులు గద, నేను రాసింది వంగి చూసి
గాలిల వేలితోటి టిక్కు పెట్టిండు.

నడుమ ఆపరేషన్ అయ్యింది.

ఐదు వారాలకు ట్రయల్‌కు వచ్చిండు.
కచ్చాకుట్టు కోటు ఇంకా కొక్కేనికే ఉన్నట్టు ఉంది.
టేపు మళ్ల తిరిగింది. ముప్పయ్యారు. ముప్పై.
పాత నడుము ఇప్పుడు ఛాతి.
మాస్టర్ నోట్ల సూదులున్నయి,
అందుకే ఏం మాట్లాడలేదనుకున్న.
ఇద్రీస్ సార్ రిజిస్టర్ గుంజుకొని
నలభై మీద వేలు పెట్టిండు.
ఇదే, అన్నడు. ఇదే కుట్టు.

"ఇయ్యాల తొడుక్కునేటోనికి ఇయ్యాల్టి కొలతె" అని మాస్టర్.
"నేను నలభై" అని ఆయన.
ఇద్దరికీ వచ్చిన హిందీ అక్కడికే అయిపోయింది.

ఆ రాత్రి మాస్టర్ కత్తెర ముట్టలే.
ముప్పయ్యారుకు కుట్టి,
మిగిలిందంత మడిచి లోపలికి పంపిండు.
అందరికీ అర్ధ ఇంచు వదులుతం, మనసైతే ఇంచు.
ఈ కోటుకు పక్కకు రెండు. ప్యాంటుకు ఇంకెక్కువ.
ఆ మడత పట్టించుడు నా పని.
బూడిదరంగు దారం ఎక్కించిన, మళ్ల తీసేసిన.
పసుపు దారంతోటి కుట్టిన, పొడుగు పొడుగు టాకాలు,
నలభై కాడ ఒక ముడి.
అక్కడ ఎవరన్న దర్జీ దొరికితె,
ఆయనది ఏ భాషయినా
అస్తరు లేపంగనె తెలుస్తది:
ఇక్కడిదాక ఇప్పు.

గురువారం మగ్రిబ్ అయినంక వచ్చిండు, పొద్దున్నే విమానం.
అద్దంల చూసుకున్నడు. సరిపోయింది. సరిపోవుడు ఆయనకు నచ్చలే.
మాస్టర్ కోటు తిరగేసి చూపించిండు.
పసుపు టాకాలు ఒక్కొక్కటె లెక్కపెట్టుకుంట పోయి
ముడి కాడ ఆగిండు.
గాలిల టిక్కు.

రిజిస్టర్ల రెండు కొలతలూ ఉన్నయి. ఏదీ కొట్టెయ్యలే.
బొంత ఈ చలికాలానికి అయిపోయింది.
అత్త అంత వెతికి అడిగింది,
ఆ సూడాన్ పంతులు గుడ్డ ఏదే అని.
పీలిక సుత మిగలలే, అన్న.
మొత్తం ఆయన కాడనే ఉంది.